కోట్ల ఖరీదైన ట్యూన్డ్ కారు: బంగారమెంత, మజూరీ ఎంత

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న సూటిగా ఉంది. ఒక కంపెనీ తయారుచేసిన స్పోర్ట్స్ కారును తీసుకుని, దాన్ని పూర్తిగా విప్పి, ఒక్క యజమాని అభిరుచికి తగ్గట్టు మళ్లీ బిగించి, మూల ధరకు ఐదింతలకో పదింతలకో అమ్ముతున్నారే, ఆ ట్యూన్డ్ కార్లు ఆ డబ్బుకు తగినవేనా? జవాబు కూడా సూటిగా ముందే చెప్పి, తరవాత కారణాలు వివరిస్తాను. వేగం కోసం కొనేవారికి అవి తగవు. పెట్టుబడిగా కొనేవారికి, వేళ్లమీద లెక్కపెట్టదగ్గ మినహాయింపులు తప్ప, అసలే తగవు. కంపెనీ కారును ఏళ్ల తరబడి నడిపి, అందులో తనకేది తక్కువైందో స్పష్టంగా తెలుసుకున్న మనిషికి, ఆ లోటును నిజంగా పూడ్చగల ఇంజనీరు దొరికినప్పుడు మాత్రం తగుతాయి. ఈ మూడో కోవకు చెందినవారు చాలా కొద్దిమంది. అమ్మకాలు మాత్రం మొదటి రెండు కోవల వారికే ఎక్కువ జరుగుతాయని నా అనుమానం.

ఉదాహరణలు ఎక్కువగా పోర్షే 911 నుంచే ఇస్తాను. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి జనానికి కనిపించిన ఆ కారు, వెనక ఇరుసుకు కూడా వెనకాల ఇంజను పెట్టే తన విచిత్రమైన అమరికను వదలకుండా ఈనాటికీ తయారవుతూనే ఉంది. కంపెనీవారు చేసినదాన్నీ బయటివారు చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి తూకం వేయడానికి ఇంతకంటే వీలైన వాహనం మరొకటి లేదు. ఫెరారీ అభిమానులు మన్నించాలి.

అయితే ఈ వృత్తికి పరువు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు బీఎండబ్ల్యూ దగ్గరికి వెళ్లాలి. 1960ల మొదట్లో ఆ కంపెనీ 1500 అనే చిన్న సెడాన్‌ను తెచ్చింది. టైపురైటర్లు తయారుచేసే కుటుంబంలో పుట్టిన బుర్కార్డ్ బోవెన్‌సీపెన్ అనే యువకుడు ఆ కారు ఇంజనుకు సరిపడేలా పెట్రోలునూ గాలినీ కలిపే జంట వెబర్ కార్బురేటర్లు అమర్చే ఏర్పాటు ఒకటి రూపొందించాడు. ఇలాంటి సామాను అమ్మేవారు అప్పట్లో యూరప్‌లో చాలామందే ఉన్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, బీఎండబ్ల్యూ ఆ పనితనాన్ని పరిశీలించి, ఈ ఏర్పాటు బిగించిన కార్లకు కూడా తమ గ్యారంటీ పూర్తిగా వర్తిస్తుందని 1964లో ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడాదే ఆల్పీనా సంస్థ ఏర్పడింది. 1983లో జర్మనీ ప్రభుత్వం దాన్ని ట్యూనర్‌గా, అంటే ఇతరుల కార్లను మార్చే సంస్థగా, కాక కార్ల తయారీదారుగానే నమోదు చేసింది. 2022లో ఆ పేరు మీద హక్కులను బీఎండబ్ల్యూయే కొనుక్కుంది. బోవెన్‌సీపెన్ కార్లతో పాటు ద్రాక్షసారాయి వ్యాపారం కూడా నడిపినవాడు. రెండింటిలోనూ తొందరపడితే సరుకు చెడుతుందన్న సంగతి ఆయనకు బాగా తెలిసే ఉంటుంది.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది కార్బురేటర్ కాదు, గ్యారంటీ. ఇంజను శక్తిని పెంచడం పెద్ద విద్యేమీ కాదు. టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి నెట్టే పరికరం, ఉన్న ఏ ఆధునిక ఇంజనుకైనా కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి, గాలి ఒత్తిడి కాస్త పెంచితే, ఒక మధ్యాహ్నంలో ఇరవై ముప్పై శాతం శక్తి ఎక్కువ వస్తుంది. పెంచిన ఆ శక్తిని క్లచ్చు, గేర్‌బాక్సు, పిస్టన్లు, బ్రేకులు లక్ష కిలోమీటర్ల దాకా భరిస్తాయా అన్నదే అసలు పరీక్ష. అది తేల్చడానికి కంపెనీలు ఎడారి వేడిలోనూ ఉత్తరధ్రువ మంచులోనూ నెలల తరబడి కార్లను తిప్పుతాయి, కొన్నింటిని కావాలనే పాడుచేసి చూస్తాయి. ట్యూనర్ దగ్గర మనం కడుతున్న డబ్బులో ఈ పరీక్షల వాటా ఎంత అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. చాలాచోట్ల దానికి జవాబు మౌనం.

ఆ ప్రశ్నకు గట్టి జవాబు చెప్పగలిగిన సంస్థ ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం. బవేరియా ప్రాంతంలో పాఫెన్‌హౌసెన్ అనే చిన్న ఊరు. అక్కడ 1939లో మామూలు మరమ్మతుల షెడ్డుగా మొదలైంది రూఫ్ సంస్థ. తండ్రి తరవాత కొడుకు అలోయిస్ రూఫ్ దాన్ని పోర్షే కార్ల వైపు మళ్లించాడు. ఆల్పీనా లాగే దీనికి కూడా 1981లో తయారీదారుగా గుర్తింపు వచ్చింది. 1987లో ఆ ఊరి నుంచి సీటీఆర్ అనే పసుపుపచ్చ కారు ఫోక్స్‌వాగన్ వారి ఎరా-లెసియన్ పరీక్షా మైదానానికి వెళ్లింది. ఒక అమెరికన్ మోటారు పత్రిక ఆనాటి ప్రపంచంలోని వేగవంతమైన కార్లన్నిటినీ అక్కడ పోటీకి దించింది. పోర్షే సొంత అద్భుతం 959, ఫెరారీ టెస్టరోసా, లాంబొర్గీని కౌంటాష్ అన్నీ వచ్చాయి. పసుపు కారు గంటకు 339 కిలోమీటర్లు అందుకుని అన్నిటినీ వెనక్కి నెట్టింది. అక్కడికి వచ్చిన పాత్రికేయులే దానికి ఎల్లోబర్డ్ అన్న ముద్దుపేరు పెట్టారు.

ఈ అంకె వెనక ఉన్న పని చూడండి. ఆ రోజుల్లో పోర్షే అమ్ముతున్న 911 టర్బో శక్తి 300 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం 260 కిలోమీటర్లు. అధిక వేగంలో కారుకు ప్రధాన శత్రువు గాలి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం యొక్క ఘనంతో పాటు పెరుగుతుంది. 260 నుంచి 340కి వెళ్లాలంటే వేగం పెరిగేది సుమారు ముప్పై శాతమే; శక్తి మాత్రం రెండింతలకు పైగా కావాలి. అదే టర్బో ఆకారంతో వెళ్లదలిస్తే స్థూలంగా 670 హార్స్‌పవర్ అవసరమవుతుంది. రూఫ్ ప్రకటించింది 469. అసలు శక్తి అంతకంటే కొంత ఎక్కువేనని అప్పటి నుంచీ అందరికీ అనుమానం ఉంది. మరో యాభై కలుపుకున్నా లెక్క కుదరదు. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది?

కారు ఒంటి నుంచి వచ్చింది. కంపెనీవారి టర్బోకు వెనక చక్రాల మీద వెడల్పాటి ఉబ్బు ఉండేది, కొనేవాళ్లు ఆ దర్జాకే పడిపోయేవారు. రూఫ్ ఆ ఉబ్బును వద్దనుకుని, మామూలు కరేరా మోడల్ యొక్క సన్నని బాడీని ఎంచుకున్నాడు. గాలికి ఎదురయ్యే వైశాల్యం అక్కడే తగ్గింది. పైకప్పు అంచున వాన నీరు జారే సన్నని గాడిని కోసేయించాడు. తలుపులు, ముందు మూత అల్యూమినియంతో చేయించి బరువు 1150 కిలోలకు దించాడు. 959 బరువు 1450. అప్పటి కంపెనీ టర్బోలో నాలుగు గేర్లే ఉండేవి, ఆ నాలుగుతో ఈ వేగం కుదరదు గనక సొంతంగా గేర్‌బాక్సే తయారుచేయించాడు. చూసేవాడికి ఇది మామూలు పాత పోర్షేలా కనిపిస్తుంది. ఖర్చంతా కంటికి కనపడని చోట పెట్టాడు. ట్యూనింగ్ అనే మాటకు నేను పూర్తి గౌరవం ఇచ్చేది ఇలాంటి పనికే.

మెర్సిడెస్ కార్లను ట్యూన్ చేసే ఏఎంజీ సంగతి అందరికీ తెలిసిందే కనక రెండు మాటల్లో ముగిస్తాను. 1967లో ఇద్దరు మెర్సిడెస్ మాజీ ఇంజనీర్లు మొదలుపెట్టారు, 1971లో బెల్జియంలోని స్పా 24 గంటల పందెంలో వారి ఎర్రటి భారీ సెడాన్ రెండో స్థానంలో వచ్చి అందరినీ నివ్వెరపరిచింది, 2005 నాటికి సంస్థ మొత్తం మెర్సిడెస్ చేతికి వచ్చింది. మంచి ట్యూనర్‌ను కంపెనీయే కొనేసుకుంటే ఆ పనితనం గ్యారంటీతో సహా షోరూములోనే దొరుకుతుంది. బయటివారి దగ్గరికి పోవలసిన అవసరం అంత మేరకు తగ్గుతుంది.

ఇక ఈ చర్చలో ఇప్పుడు అందరి నోటా నానుతున్న పేరుకు వస్తాను. కాలిఫోర్నియాలోని సింగర్ సంస్థ. స్థాపకుడు రాబ్ డికిన్సన్ ఇంగ్లండులో కారు డిజైను చదివి, లోటస్‌లో కొంతకాలం పనిచేసి, తరవాత రాక్ సంగీత బృందంలో గాయకుడైనవాడు. 2009లో సంస్థ పెట్టాడు. 1989, 1994 మధ్య తయారైన 964 తరం పోర్షే 911ను యజమానే తెచ్చి ఇవ్వాలి. దాన్ని వారు ఇనుప చట్రం దాకా విప్పి, తలుపులు తప్ప మిగతా బాడీ దాదాపు అంతా కార్బన్ ఫైబర్‌తో కట్టి, 3.6 లీటర్ల ఇంజనును 4 లీటర్లదాకా పెంచి, తోలు, మరలు, మీటర్లు అన్నీ కొత్తగా చేసి తిరిగి ఇస్తారు. తాము కార్లు తయారుచేయడం లేదని, యజమాని కారునే పునరుద్ధరిస్తున్నామని వారు ప్రతి కాగితం మీదా రాసుకుంటారు. చట్టరీత్యా ఆ జాగ్రత్త అవసరం. ఒక్క కారుకు సుమారు 4 వేల పని గంటలు పడుతుందని వారి లెక్క. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఒక్కడే చేస్తే 500 పనిదినాలు, అంటే రెండేళ్లు. గంటకు 100 డాలర్లు అనుకున్నా కూలీయే 4 లక్షల డాలర్లు అవుతుంది, సామాను ఇంకా కలపలేదు. వారు చెప్పే ధర విని గుండెలు బాదుకునేవారు ఈ గుణకారం ఒకసారి చేసి చూడాలి. మోసం ఏమీ లేదు, మనుషుల చేతిపని అంత ఖరీదు.

అదే సంస్థ, విలియమ్స్ ఫార్ములా వన్ బృందానికి చెందిన ఇంజనీరింగ్ విభాగంతో కలిసి డీఎల్ఎస్ అనే కారు తయారుచేసింది. దాన్ని 2021లో పోర్షే స్వయంగా విడుదల చేసిన 911 జీటీ3 పక్కన పెడితే మన ప్రశ్న మొత్తం ఒక్క చోటికి వస్తుంది. రెండింటి ఇంజను 4 లీటర్లు. రెండింటికీ టర్బో లేదు. రెండూ నిమిషానికి 9 వేల చుట్లు తిరుగుతాయి. రెండింటి శక్తీ ఇంచుమించు 500 హార్స్‌పవర్. అమెరికాలో జీటీ3 ప్రారంభ ధర అప్పట్లో 1 లక్షా 61 వేల డాలర్లు. డీఎల్ఎస్ ధర 18 లక్షల డాలర్లు, పైగా పాత కారు మనదే. అంటే పదకొండింతలు. ఆ జీటీ3 జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ పందెపు ట్రాక్‌లో ఏడు నిమిషాల లోపు చుట్టు పూర్తిచేసిన కారు. వేగమే కొలబద్ద అయితే చర్చ ఇక్కడితో ముగిసిపోయింది. పది జీటీ3లు కొని, మిగిలిన డబ్బుతో జీవితాంతం టైర్లు మార్చుకోవచ్చు.

అయినా ముగియదు, ఎందుకంటే ఆ రెండు ఇంజన్లు అంకెల్లోనే ఒకటి. జీటీ3ది నీటితో చల్లబడే ఇంజను. డీఎల్ఎస్‌ది గాలితో చల్లబడేది. సిలిండరుకు గాలి వచ్చిపోయే వాల్వులు నాలుగు పెడితే ఇంజను బాగా ఊపిరి పీలుస్తుంది కాని, వాల్వుల మధ్య సందుల్లో వేడి పేరుకుంటుంది. నీరు ఆ సందుల్లోకి దూరగలదు, గాలి దూరలేదు. అందుకే పోర్షే 959లో నాలుగు వాల్వులు పెట్టినప్పుడు సిలిండర్లను గాలికి వదిలి, పైనున్న హెడ్లకు మాత్రం నీటి ఏర్పాటు చేసింది. చివరికి 1998తో గాలి ఇంజనుకే స్వస్తి చెప్పింది. కంపెనీ చేతులెత్తేసిన చోటు నుంచి డీఎల్ఎస్ ఇంజనీర్లు మొదలుపెట్టారు, గాలితో చల్లబడే హెడ్లలోనే నాలుగు వాల్వులు సాధించారు. మొదటి 911 ఇంజను రూపకర్త హాన్స్ మెట్స్‌గర్, అప్పటికి ఎనభై దాటిన వయసులో, ఈ పనికి సలహాదారుగా ఉన్నాడు. ఇక బరువు: జీటీ3 1418 కిలోలు, డీఎల్ఎస్ వెయ్యి కిలోల లోపు. నాలుగు వందల కిలోల తేడా స్టీరింగ్ పట్టుకున్న మొదటి మలుపులోనే తెలిసిపోతుంది, స్టాప్‌వాచీలో తెలియకపోయినా.

మరి పదకొండింతల ధర ఎందుకు? భాగహారం వల్ల. డీఎల్ఎస్ కార్లు 75 మాత్రమే. ఇలాంటి ఇంజనును కొత్తగా రూపొందించి పరీక్షించడానికి 3 కోట్ల డాలర్లు అయిందనుకుందాం. ఇది నా ఊహాలెక్క మాత్రమే. 75తో భాగిస్తే కారుకు 4 లక్షల డాలర్లు పడుతుంది. 10 వేల కార్ల మీద పంచితే 3 వేలే. జీటీ3 కొన్నవాడికి పరిశోధన ఖర్చు తోటి కొనుగోలుదారులు పంచుకుంటున్నారు. డీఎల్ఎస్ కొన్నవాడు దాదాపు ఒంటరిగా మోస్తున్నాడు. ఆ భారం ఇష్టపడి ఎత్తుకునేవారు ఉండబట్టే గాలి ఇంజను విద్య ఇంకా బతికి ఉంది. ఆ మాట వరకు నేను వారికి కృతజ్ఞుణ్ణే.

ఇప్పుడు మళ్లీ అమ్మితే ఎంత వస్తుందన్న ప్రశ్న. ఇది మన వాళ్లకు బంగారం కొట్టు ద్వారా బాగా తెలిసిన లెక్కే. నగ కొనేటప్పుడు బంగారం ధర మీద మజూరీ, తరుగు కడతాం. అమ్మబోతే కొట్టువాడు బంగారం తూకం మాత్రమే చూస్తాడు, మజూరీ మాట ఎత్తడు. ట్యూన్ చేసిన కార్లలో తొంభైపాళ్లు ఇంతే. మీరు ముచ్చటపడి వేయించిన రంగు, సీట్ల తోలు, సస్పెన్షన్ మీ అభిరుచి. తరవాతి కొనుగోలుదారుకు అవి ఒక్కోసారి లోపాలు కూడా. పైగా ఇంజను ముట్టుకున్న కారు అనగానే అతడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు, అది న్యాయమే. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకు ఎక్కువ ధర పలకడం ప్రపంచమంతటా ఉన్న రివాజు.

మజూరీ బంగారాన్ని మించిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. ఇందాక చెప్పిన పసుపు కారు కోవలో, పోర్షే నుంచి ఖాళీ బాడీలు తెచ్చి రూఫ్ కట్టినవి 29 మాత్రమే. వాటిలో తేలికపాటి రకం ఒకటి 2025లో అమెరికాలోని అమీలియా ద్వీపం వేలంలో 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఈ వార్త చదివి ట్యూన్డ్ కారును పెట్టుబడి అనుకోవడం పొరపాటు. ఆ రోజుల్లో ఆ కారు కొన్నవాడికి ఈ ధర ఊహకు కూడా అంది ఉండదు. చరిత్రలో తన తయారీదారునే ఓడించిన కారు కాబట్టి, దానికి రుజువు అచ్చులో ఉంది కాబట్టి ఆ విలువ వచ్చింది. అదే దశాబ్దంలో ఉబ్బెత్తు బాడీలు, తోకలాంటి రెక్కలు తగిలించుకున్న కార్లు అంతే ఖరీదుకు అమ్ముడుపోయాయి, వాటిలో చాలావాటిని ఇప్పుడు చూసి జనం నవ్వుకుంటున్నారు.

ఇక్కడ సింగర్ మీద కూడా ఒక చిన్న ఫిర్యాదు చేయాలి. వారి తొలి నమూనాల్లో ఇంజను చుట్లు చూపే టాకోమీటరు మీద అంకెలు 11 వేల దాకా ఉంటాయి, ఇంజను అక్కడిదాకా ఎన్నడూ వెళ్లదు. సరదాకే చేశారు, ఒప్పుకుంటాను. కాని డబ్బు ఇంజనీరింగ్ నుంచి అలంకారం వైపు జారడం ఇలాంటి సరదాలతోనే మొదలవుతుంది. ఇదే సూత్రాన్ని చివరిదాకా లాగి, శక్తి అంతే ఉంచి, బరువు పెంచి, బంగారు రంగు పులిమి రెండింతలకు అమ్మే దుకాణాలు యూరప్‌లోనూ గల్ఫ్‌లోనూ కొల్లలు. వాటిని ట్యూనింగ్ అనడానికి నాకు నోరు రాదు.

మన దగ్గరి సంగతి చెప్పకపోతే ఈ సభ నన్ను వదలదు. భారతదేశంలో ఈ ప్రశ్న డబ్బు కంటే ముందు చట్టం దగ్గర ఆగిపోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పును కొట్టివేస్తూ ఈ నిబంధనను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ తరవాత, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే అవకాశం ఉంది. జరిమానా చిన్నదే, కాని ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట వెతికేది ఆర్సీకీ కారుకీ మధ్య తేడానే. విదేశంలో సింగర్ కారు కొని తెచ్చుకుందామంటే, వాడిన కార్ల దిగుమతికి మూడేళ్ల వయోపరిమితి ఉంది, యాభై ఏళ్లు నిండిన వాటికి వింటేజ్ సడలింపు ఉంది. 1990 నాటి 964 ఈ రెండు తలుపుల మధ్యా ఇరుక్కుపోతుంది. కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో స్థిరపడ్డ మన పిల్లలకు ఈ అడ్డు లేదు, వారు అక్కడే కొని అక్కడే నడుపుకోవాలి.

ఇక్కడ రహస్యంగా రీమ్యాప్, అంటే ఇంజను కంప్యూటర్‌లోని లెక్కల మార్పు, చేయించేవారికి ఇంజనీరుగా ఒక మాట. ఆ లెక్కలు చాలావరకు యూరప్‌లో దొరికే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలును, అంటే తనంతట తాను తొందరగా అంటుకోని పెట్రోలును, దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన బంకుల్లో చాలా ఏళ్లు మామూలుగా దొరికింది 91 ఆక్టేన్. తక్కువ ఆక్టేన్, మే నెల ఎండ, పెంచిన టర్బో ఒత్తిడి మూడూ కలిస్తే పెట్రోలు సమయానికి ముందే అంటుకుని ఇంజను నాక్ అవుతుంది. కారులోని సెన్సర్ దాన్ని పసిగట్టి ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ పడే క్షణాన్ని, వెనక్కి జరుపుతుంది, అంటే మీరు డబ్బిచ్చి కొన్న హార్స్‌పవర్‌ను కంప్యూటర్ వేసవి నాలుగు నెలలూ తిరిగి లాక్కుంటుంది. లాక్కోకపోతే పిస్టన్ పోతుంది. పైగా హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ పరిమితి 120 కిలోమీటర్లే.

మన దేశంలో ఉంటూ, తన ఇష్టానికి కట్టిన కారే కావాలనుకునేవారికి చట్టబద్ధమైన దారి ఒకటుంది. పోర్షే వంటి కంపెనీలు ప్రత్యేక ఆర్డర్ల విభాగాలు సొంతంగా నడుపుతున్నాయి. రంగు, లోపలి పనితనం, కొన్ని భాగాలు అక్కడే ఎంచుకుంటే కారు ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది, ఆర్సీకి ఇబ్బంది లేదు, గ్యారంటీ పోదు. ఇంజనులో ఏమీ మారదు, దిగుమతి సుంకం మాత్రం ఆ అదనపు ఖర్చు మీద కూడా పడుతుంది. ఆ మొత్తంలో పదో వంతు పెట్టి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై ట్రాక్ మీదో, కోయంబత్తూరులోని కరి ట్రాక్ మీదో కొన్ని శిక్షణ శిబిరాలు పూర్తిచేసి రండి. మీ కారులో మీకు నిజంగా ఏది తక్కువైందో అక్కడ తెలుస్తుంది, తక్కువైంది కారులో కాదని తేలినా ఆశ్చర్యపోకండి. అది తెలిశాక ట్యూనర్ దగ్గరికి వెళితే అతన్ని అడగవలసిన ప్రశ్నలు మీ దగ్గర ఉంటాయి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.